మైకు మావయ్య గుసగుస

మైకు మావయ్యకు నెమ్మదిగా మాట్లాడడం రాదు. ఆటో మీద రెండు బాకాలు బిగించుకుని పేటంతా తిరుగుతూ, ఫలానా చోట కొత్త కొట్టు తెరిచారనీ, రేపు కుళాయిలు రావనీ, ఎర్ర గౌను పాప తప్పిపోయిందనీ చెప్పడం ఆయన బతుకుతెరువు. మైకు కట్టేసినా గొంతు మాత్రం కట్టుబడేది కాదు. భోజనం దగ్గర కూర్చుని ఉప్పు అడిగితే పక్కింటావిడ డబ్బా పట్టుకుని వచ్చేది. "పెళ్ళయిన కొత్తలో ఆ గొంతు విని నేనే పారిపోదామనుకున్నాను. బస్సు ఎక్కడాగుతుందో తెలియక ఉండిపోయాను" అని ఆయన భార్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెత. మావయ్య నోరు మంచిదే, కాకపోతే కాస్త పెద్దది.

ఆ నోటికి పుణ్యం వచ్చే పని చూపించింది నర్సమ్మ. ఆవిడ పెద్దాసుపత్రిలో పనిచేసి దిగిపోయిన మనిషి. తన ఇంటి వెనక మూతపడ్డ సోడా ఫ్యాక్టరీ షెడ్డులో, లారీ తగిలిన కుక్కకు ఒకసారి కట్టు కట్టింది. దానికి నయమై వెళ్ళేలోపు మరొకటి వచ్చింది. ఇక ఆ షెడ్డు ఖాళీగా ఉన్న రోజు లేదు. అక్కడ జీతగాడు లేడు, బోర్డు లేదు, రిబ్బను కత్తిరించినవాడూ లేడు.

మరి ఎలా నడిచేదంటే, నర్సమ్మకు సాయం అడగడం తెలుసు. అందరికీ వస్తుందనుకుంటాం కానీ రాదు. మూగజీవాల మీద దయ చూపండని ఆవిడ ఎవరినీ అడగలేదు. ఎవరి చేతిలో ఏ పని ఉందో ఆ పనే అడిగేది. టైలరు దగ్గరికి వెళ్ళి, "యూనిఫాం గుడ్డ మిగిలిందా? మెడపట్టీలు కుట్టి పెట్టు" అనేది. మెకానిక్ దగ్గరికి వెళ్ళి, "గేటు గొళ్ళెం వదులైంది, ఒకసారి వచ్చి చూడు" అనేది. బేకరీ ఆయన్ని నిన్నటి రొట్టె అడిగేది, బడిపిల్లల్ని పాత పేపర్లు అడిగేది. గొళ్ళెం బిగించడానికి వచ్చిన మెకానిక్ కాలి మీద ఏదో ఒక కుక్కపిల్ల వచ్చి పడుకునేది. మర్నాటి నుంచి అతన్ని పిలవాల్సిన అవసరం ఉండేది కాదు. నయమైన కుక్కను మళ్ళీ దాని వీధికే పంపేవారు. ఆ వీధిలో దాన్ని కనిపెట్టుకుని ఉండే ఇల్లు దానికి పుట్టిల్లు. ఎవరైనా ఇంట్లోకే తీసుకెళ్ళి పెంచుకుంటే వాళ్ళు నర్సమ్మకు వియ్యాలవారు. ఆ లెక్కన పేటలో సగంమందితో ఆవిడకు వియ్యం కలిసింది.

మావయ్యను అడిగింది గొంతే. కుక్కలకు టీకాలు వేసే రోజున ఆటో వేసుకుని వీధివీధీ చెప్పేవాడు. ఆయన ఒక్క కేక వేస్తే పేట పేటంతా తాళ్ళు పట్టుకుని షెడ్డు ముందు నిలబడేది. ఆ రోజుల్లో ఆయన నడక చూడాలి, షెడ్డు తనే కట్టించినట్టు ఉండేది.

గుసగుస కూడా ఆయన ఆటోలోనే వచ్చింది. గోడౌన్ ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళు పాత డబ్బాలతో పాటు వదిలేసిపోయిన కాపలా కుక్క అది. గోధుమరంగు ఆడకుక్క. గొలుసు మెడ కండలోకి దిగిపోయి ఉంది. మెకానిక్ గొలుసు తెంపుతున్నంతసేపూ అది కిక్కురుమనలేదు. ఆటోలో నర్సమ్మ ఒళ్ళో పడుకుని, మావయ్య నోరు తెరిచినప్పుడల్లా వణికింది. "భయం లేదే తల్లీ, వచ్చేశాం, వచ్చేశాం" అని ఆయన ధైర్యం చెబుతుంటే మరీ వణికింది.

"నువ్వు ధైర్యం చెప్పడం మానేస్తే దానికి ధైర్యం వస్తుంది తమ్ముడూ" అంది నర్సమ్మ.

దాని ముందు ఎవరు గట్టిగా మాట్లాడినా గోడ మూలకు వెళ్ళి ముఖం దాచుకునేది. అందుకని షెడ్డులో అందరూ దాని దగ్గర గుసగుసలాడేవారు. చివరికి అదే దాని పేరైంది.

మావయ్యకు ఆ కుక్క కావాలి. తన గొంతు విని ఒక ప్రాణి అలా వణకడం ఆయన మొదటిసారి చూశాడు, అది ఆయనకు గుచ్చుకుంది. ఇంటికి తీసుకెళ్తానని నర్సమ్మను అడిగాడు. ఆవిడ ఒక్కటే మాటంది. "అది తనంతట తను నీ దగ్గరికి వచ్చిన రోజు తీసుకెళ్ళు."

రోజూ సాయంత్రం వెళ్ళి, దానికి ఎదురుగా నేల మీద కూర్చుని, పెదవులు బిగపట్టుకుని చూసేవాడు. అది రాలేదు. టైలరు దగ్గరికి వెళ్ళింది. మీటరు రీడింగు తీసుకోవడానికి వచ్చినవాడి చెయ్యి నాకింది. మావయ్య దగ్గరికి మాత్రం రాలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆయన రచ్చంతా గెలిచి ఒక్క కుక్క దగ్గర ఓడిపోయాడు. ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినేవాడు కాదు. ఆయన భార్య ఆ సంగతి కనిపెట్టింది కానీ, ఈ ఒక్క విషయంలో ఎగతాళి చెయ్యలేదు.

ఒక రోజు షెడ్డులో పని ఎక్కువగా ఉంది. నర్సమ్మ లోపల ఒక కుక్కకు కుట్లు వేస్తోంది. గుసగుసను ఆవరణలో తిప్పుతానని మావయ్య సైగలతోనే బతిమాలాడు. ఆవిడ సరేనంది. మావయ్య పట్టీ మెడకు వేశాడు. పుండు మానిన చోట ఒరుసుకుంటుందేమోనని ఒక కన్నం వదులుగా బిగించాడు. అంతవరకు బాగానే ఉంది. ఇంతలో జేబులో ఫోను మోగింది. అలవాటు చొప్పున తీసి "హలో" అన్నాడు.

ఆ హలోకి పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి. గుసగుస వెనక్కి గింజుకుంది, పట్టీ తలమీదుగా ఊడి వచ్చింది. ఎవరో రొట్టెల సంచి లోపల పెడుతూ గేటు తీసి ఉంచారు. మావయ్య చేతిలో ఖాళీ పట్టీ మిగిలింది.

అప్పుడాయన చెయ్యాల్సింది నర్సమ్మను పిలవడం. కానీ జీవితమంతా ఏదైనా తప్పిపోతే ఏం చేశాడో అదే చేశాడు. ఆటో ఎక్కి మైకు నొక్కాడు.

"గోధుమరంగు ఆడకుక్క! మెడ మీద మచ్చ! ఎక్కడ కనిపించినా పట్టుకోండి! పేరు పెట్టి పిలవండి!"

ఇంకెక్కడైనా అయితే జనం ఒకసారి తల తిప్పి చూసి ఊరుకునేవారు. ఇది నర్సమ్మ తయారుచేసిన పేట. ఎవరి చేతిలో పని వాళ్ళు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. బేకరీ ఆయన రొట్టె పట్టుకుని వచ్చాడు. మెకానిక్ స్పానర్‌తో సహా వచ్చాడు. టైలరు మెడలో టేపు వేలాడుతుండగానే వచ్చింది. బడి వదిలిన పిల్లలు గుంపుగా వచ్చారు. వందమంది ఒక్క గొంతుతో "గుసగుసా" అని అరిచారు. ఆ పేరును అలా అరవకూడదని ఒక్కరికీ తట్టలేదు. దాని వెనక పడ్డవాళ్ళలో దాన్ని ప్రేమించనివాడు ఒక్కడూ లేడు. అదొక్కటీ ఆ కుక్కకు తెలియదు.

అది ఈ వీధి నుంచి ఆ వీధికి, అక్కణ్నుంచి బైపాస్ రోడ్డు మీదకి పడింది. ఒక లారీ బ్రేకులు కీచుమన్నాయి. మావయ్య ఆటోలో కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి కుక్క రోడ్డు దాటి, పాత ఇనుప సామాన్ల యార్డులో తుక్కు కుప్పల మధ్య మాయమైంది.

నర్సమ్మ చేతులు కూడా కడుక్కోకుండా వచ్చింది. చుట్టూ చేరినవాళ్ళు తలా ఒకటి చెప్పారు. వలలు వేద్దామన్నారు, రెండు వైపుల నుంచీ తరుముదామన్నారు. తిలాపాపం తలా పిడికెడు కదా, అందరి ముఖాల్లోనూ ఏదో ఒకటి చేసేసి కడిగేసుకోవాలన్న ఆత్రమే. ఆవిడ అందరి మాటలూ విన్నది.

"ఇంకొక్కసారి తరిమితే మళ్ళీ రోడ్డు మీదకే వస్తుంది. ఈసారి లారీ ఆగకపోవచ్చు" అంది. "మీరంతా నాకు ఒక్క సాయం చెయ్యాలి. ఏమీ చెయ్యకండి."

ఎవరికీ అర్థం కాలేదు.

"వెతకొద్దు, పిలవొద్దు. ఎదురుపడినా చూడొద్దు. చప్పుళ్ళు తగ్గించండి. అది కుదుటపడితే దానికి తెలిసిన మనిషి వాసన వెతుక్కుంటూ అదే వస్తుంది."

తర్వాత ఆవిడ మావయ్య వైపు తిరిగింది. ఆయన ఖాళీ పట్టీని ఇంకా పట్టుకునే ఉన్నాడు.

"ఈ మాట ప్రతి ఇంటికీ నువ్వే చెప్పాలి తమ్ముడూ. మైకు లేకుండా. నడిచి."

"మరి ఆ వాసన కోసం రేపట్నించి ఎవరు కూర్చుంటారక్కా అక్కడ? టైలరమ్మని పంపించు. దాని దగ్గరికైతే వస్తుంది."

"నువ్వే కూర్చో."

"నన్ను చూస్తేనే పారిపోతుంది కదక్కా."

"నీ గొంతుకి పారిపోతుంది. నీ వాసనకి కాదు. రోజూ దాని ఎదురుగా అంతసేపు కూర్చున్నవాడు ఇంకెవడున్నాడు చెప్పు."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆయనకు. తిడితే తనూ నాలుగు మాటలని బరువు దించుకునేవాడు.

ఆ సాయంత్రం మావయ్య గడపగడపకూ తిరిగాడు. మొదటి ఇంట్లో తలుపు తీయగానే గొంతెత్తి, వెంటనే అరచేత్తో నోరు మూసుకున్నాడు. గొంతు తగ్గిస్తే ఆయన మాట ఆయనకే కొత్తగా వినిపించింది. జనం ఆయనేమంటున్నాడో వినడానికి ముందుకు వంగారు. ఇన్నేళ్ళలో ఆయన మాట కోసం ఒకరు ముందుకు వంగడం అదే మొదలు.

ఏమీ చెయ్యకపోవడం ఎంత పనో ఆ పేటకు అప్పుడు తెలిసింది. బేకరీ ఆయన షట్టర్‌కు నూనె పట్టించి, పసిబిడ్డను దించినట్టు రెండు చేతులా దించడం మొదలుపెట్టాడు. మెకానిక్ సుత్తి పని ఉన్న బళ్ళను తర్వాత రమ్మని పంపేశాడు. బడిలో గంట కొట్టడం మానేసి, టీచరు ఒక్కో గదికీ వెళ్ళి వేలితో సైగ చేసింది. పిల్లలు మునివేళ్ళ మీద బయటికి వచ్చారు. మామూలు రోజుల్లో దేవుడు దిగొచ్చి చెప్పినా వాళ్ళు అలా నడవరు. కూరల బండి ఆవిడ కేకలు మానేసి, చేతిలో వంకాయ ఒకటి ఎత్తి చూపించుకుంటూ బండి తోసుకుపోయింది. బైపాస్ పక్కన టీ కొట్టు అతను ఆగిన ప్రతి లారీ డ్రైవరుకూ, "కొద్దిదూరం హారన్ కొట్టకు అన్నా, మా పేట ఆడపిల్ల లోపలుంది" అని చెప్పాడు. డ్రైవర్లు ఎవరనుకున్నారో ఏమో, కొట్టలేదు.

యార్డు ఆసామి ఒక్కడే మొండికేశాడు. పెద్ద బూట్లు, అంతకంటే పెద్ద మీసం. వీధిలో కుక్క కనబడితే తన్నడానికి కాలెత్తే రకమని చెప్పుకునేవారు.

"కుక్క కోసం యార్డు మూసేసినవాణ్ని ఎక్కడైనా చూశావా?" అన్నాడు.

"చూళ్ళేదు బాబూ" అన్నాడు మావయ్య గుసగుసగా. "తప్పు నాది. పట్టీ వదులుగా వేసింది నేను, అరిచింది నేను, ఊరందర్నీ దాని మీదకి తోలింది నేను. అది లారీ కింద పడితే నేనింక ఈ నోటితో ఏం చెప్పుకుని బతకను?"

ఆసామి చాలాసేపు మీసం గోక్కున్నాడు. "నీకు ఇంత చిన్న గొంతు కూడా ఉందా?" అన్నాడు చివరికి. ఇనుము కోసే మిషను ఆపించాడు. మర్నాడు మావయ్య వెళ్ళేసరికి ఆ మనిషి బూట్లు చేత్తో పట్టుకుని, తన యార్డులో తనే దొంగలా వట్టికాళ్ళతో నడుస్తున్నాడు.

నర్సమ్మ చెప్పినట్టే కుప్పల ముందు గిన్నెలో తిండి పెట్టి, పక్కన తన చొక్కా పరిచి, వీపు అటు తిప్పి కూర్చునేవాడు మావయ్య. పొద్దున్నా, మళ్ళీ సాయంత్రమూ. తిరిగి చూడకూడదు. మొదటి రోజు వెనక రేకు కదిలిన చప్పుడైంది, అంతే. రెండో రోజు గిన్నె ఖాళీ అయింది కానీ పక్కన పిల్లి అడుగులున్నాయి. ఆ తర్వాత వాన పడింది. వాన వెలిశాక చప్పుడూ లేదు, అడుగులూ లేవు. కుక్క ఉందో, ఎటైనా పోయిందో, రోడ్డు మీదకే వెళ్ళిందో చెప్పేవాడు లేడు. ఇంటికి వెళ్తే భార్య తడి చొక్కా విప్పి పొడి చొక్కా చేతికిచ్చేది. "వస్తుందిలెండి" అనేది. ఆయనకు నమ్మకం పోతోంది.

ఒక పొద్దున ఆ మిగిలిన కాస్త నమ్మకమూ పోయింది. తుక్కు కుప్పకు వీపు పెట్టి, మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. ఏదైనా మాట్లాడకపోతే చచ్చిపోయేట్టున్నాడు. దేవుణ్ని వేడుకుందామంటే మాటలు కుదరలేదు. ఆయనకు నోటికొచ్చినవి ఒకటే రకం మాటలు. వాటినే, పెదవి కదిలీ కదలనట్టు మొదలుపెట్టాడు.

"ప్రజలకు మనవి. రేపు ఉదయం కుళాయిలు రావు. అందరూ ఈ రోజే నీళ్ళు పట్టి ఉంచుకోగలరు..."

తన గొంతు తనకే జోలపాటలా వినిపించింది. ఆపలేదు.

"చెప్పుల కొట్టు వారి కొత్త దుకాణం. చిన్నపిల్లలకు, పెద్దలకు అన్ని సైజులూ దొరకును... ఎర్ర గౌను వేసుకున్న పాప తప్పిపోయినది. పేరు అడిగితే చెప్పదు. దయచేసి..."

వెనక రేకు కదిలింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. బిగబడితే మాట ఆగింది, మాట ఆగగానే కదలికా ఆగింది. అప్పుడు అర్థమైంది ఆయనకు. మళ్ళీ అందుకున్నాడు.

"దయచేసి ఎవరికైనా కనిపించిన యెడల భయపెట్టకుండా కూర్చోబెట్టి... మంచినీళ్ళు ఇచ్చి... వాళ్ళ నాన్న ఇక్కడే ఉన్నాడని చెప్పగలరు..."

వీపుకు తడిగా ఏదో తగిలింది. ముక్కు. తర్వాత గడ్డం వచ్చి భుజం మీద ఆనింది. బరువంతా వదిలేసి ఆనింది. మావయ్య తిరగలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి కూడా ఎత్తలేదు. కుళాయిలు వచ్చు వేళలు, పాఠశాల తెరుచు తేదీ, దుప్పట్ల అమ్మకం, తనకు గుర్తున్న ప్రకటన ప్రతి ఒక్కటీ దాని చెవిలో చెప్పాడు. చెబుతూ చెబుతూ టైలరు కుట్టిన కొత్త పట్టీని మెడకు చుట్టాడు. ఈసారి సరిగ్గా బిగించాడు.

ఆటో చప్పుడు వద్దని నర్సమ్మ ముందే చెప్పి ఉంచింది. యార్డు గేటు దగ్గర ఆసామి ఒక్క చూపు చూసి గబుక్కున గోడ వైపు తిరిగాడు. అతని పనివాడొకడు పక్క సందులోంచి పరుగెత్తుకెళ్ళి చెప్పినట్టున్నాడు. టీ కొట్టు అతను రోడ్డు మధ్యకు వచ్చి రెండు చేతులూ చాపి లారీలను ఆపాడు. డ్రైవర్లు ఇంజన్లు కట్టేశారు.

వీధిలోకి తిరిగాక మావయ్యకు కనిపించినది ఆయన చచ్చేదాకా మరిచిపోలేదు. జనమంతా బయటే ఉన్నారు. ఒక్కరి ముఖమూ ఇటు లేదు. బేకరీ ఆయన తన షట్టర్ వైపు తిరిగి నిలబడ్డాడు. మెకానిక్ గోడకు నుదురు ఆనించాడు. టైలరు కిటికీలో వీపు కనిపించింది. బడిపిల్లలు ప్రహరీ వెంబడి వరసగా గోడను చూస్తూ నిలబడ్డారు. అందరికంటే చిన్నపిల్ల రెండు చేతులతో కళ్ళు కూడా మూసుకుంది. చూడాలని ఎవరికుండదు? ఇన్ని రోజులు ఎదురుచూసింది ఆ ఒక్క చూపు కోసమే. ఆ చూపును అందరూ ఆ కుక్కకు వదిలేశారు. మనుషులు ఇంత మంచివాళ్ళని మావయ్యకు అంతకుముందు తెలియదు. తెలుసనుకునేవాడు, అంతే. ఆయన గుసగుసలాడుతూ, కుక్క ఆయన కాలికి రాసుకుంటూ, ఆ వీపుల మధ్యనుంచి నడిచి వెళ్ళారు.

షెడ్డు గేటు మూసి గొళ్ళెం వేశాక నర్సమ్మ కుక్క మెడ తడిమి, కళ్ళు చూసి, కాళ్ళు చూసింది. ఆయన భార్య అప్పటికే వచ్చి లోపల నేల మీద కూర్చుంది. గుసగుస ఆవిడను వాసన చూసి, మళ్ళీ వచ్చి మావయ్య పాదం మీద పడుకుంది.

"ఇంకేం వియ్యంకుడుగారూ" అంది నర్సమ్మ నెమ్మదిగా. మావయ్య తలూపాక ఆవిడే మళ్ళీ అంది. "వెనక వీధులవాళ్ళకి ఇంకా తెలియదు. పాపం, మునివేళ్ళ మీద తిరుగుతున్నారు. దూరంగా మార్కెట్ దాకా వెళ్ళి ఆ మాట చెప్పి రా. మైకులోనే చెప్పు, ఫరవాలేదు."

కుక్కను భార్యకు అప్పగించి ఆయన ఆటో తీశాడు. షెడ్డుకు వినపడనంత దూరం వెళ్ళి, మార్కెట్ మూల మీద ఆపాడు. మైకు నొక్కి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"పేట ప్రజలకు..." అన్నాడు.

తర్వాతి మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. ఆ పెద్దమనిషి ఆటో హ్యాండిల్ మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మైకు కట్టెయ్యడం మరిచిపోయాడు. రెండు బాకాల్లోంచీ ఆ ఏడుపు మార్కెట్టంతా, వెనక వీధులంతా వినిపించింది.

మూల మీద కూరలు ఏరుకుంటున్న ముసలమ్మ బెదిరిపోయింది. "ఏంటే, అలా ఏడుస్తున్నాడు? ఆ కుక్క పోయిందా?"

కూరల బండి ఆవిడ ఇన్ని రోజులూ మూసుకున్న గొంతును బార్లా తెరిచింది.

"లేదు పెద్దమ్మా, దొరికింది. పోయుంటే ఆయనకి మాటొచ్చేది."